దసరా సెలవుల్లో నార్వే: బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా ఓడలో మా ప్రయాణం

నార్వే ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది వీసాకే. 2024 దసరా సెలవుల కోసం జూలై మూడో వారంలోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, తలకు 90 యూరోలు కట్టాం. ఆ జూన్‌లోనే 80 నుంచి 90కి పెంచారు. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్‌లో దొరికిన మొదటి తేదీ ఆగస్టు 20. మా ఆయన, నేను, మా అత్తమ్మ ముగ్గురం వెళ్లాం. అత్తమ్మకు 69 ఏళ్లు, హన్మకొండలో టీచరుగా చేసి రిటైరయ్యారు. కౌంటర్లో అమ్మాయి ఆవిడను ఉద్యోగం చేసే చోటి నుంచి లెటర్ అడిగింది. "రిటైరయి పదకొండేండ్లయింది బిడ్డా, ఇప్పుడెవరిస్తరు నాకు లెటరు?" అన్నారు అత్తమ్మ. చివరికి పెన్షన్ ఆర్డర్ కాపీ, పాస్‌బుక్ తీసుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ రెండూ ముందే జిరాక్స్ తీయించి పెట్టుకోండి. ఎస్ఎంఎస్‌కు ఇంత, కొరియర్‌కు ఇంత అంటూ అక్కడ అయ్యే చిల్లర ఖర్చు వేరే.

ఆ తర్వాత అయిదు వారాలు ఏ కబురూ లేదు. మామూలుగా 15 రోజుల్లో తేలాల్సిన పని. ఓడ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గడువు సెప్టెంబర్ మొదటి వారంలోనే దాటిపోయింది. రోజూ పొద్దున లేవగానే ఫోన్లో స్టేటస్ చూడటం, అదే వాక్యం చదవడం, టెన్షన్ పడటం. మా ఆయన మాత్రం "వస్తే వస్తుంది, రాకపోతే యాదగిరిగుట్ట పోదాం" అంటూ నా బీపీ పెంచేవారు. సెప్టెంబర్ 27న కొరియర్ అబ్బాయి వచ్చాడు. మా విమానం అక్టోబర్ 6న.

సర్దుకోవడంలో ఒక సంగతి చెప్పాలి. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లు నార్వేలోకి మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా వద్దు, నేతితో చేసిన సున్నుండలూ వద్దు. అత్తమ్మ అప్పటికే డబ్బా నింపి పెట్టారు. అది మా ఆడపడుచు ఇంటికి చేరింది. కందిపొడి, ఆవకాయ, మరమరాలు, అటుకులు మాతో వచ్చాయి. బట్టల విషయానికొస్తే, లావు స్వెటర్ ఒకటి కన్నా ఒంటికి అంటుకునే ఉన్ని లోదుస్తులు, వాటి పైన నీళ్లు దిగని ప్యాంటు, జాకెట్ నయం. అక్కడ చలికన్నా వానే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

దోహాలో విమానం మారి 7వ తేదీ మధ్యాహ్నానికి ఓస్లోలో దిగాం. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రెండు రకాల రైళ్లున్నాయి. ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్‌లో దాదాపు సగానికే మామూలు రైలు కూడా ఇంచుమించు అంతే సేపట్లో దింపుతుంది. స్టేషన్‌లో టాయిలెట్ తలుపు దగ్గర కార్డు తాకిస్తే గానీ తెరుచుకోదు. నార్వే డబ్బు ఒక క్రోనర్ అంటే అప్పట్లో మనకు దాదాపు ఎనిమిది రూపాయలు. అత్తమ్మ ఆ లెక్క అప్పుడే పట్టేశారు: "బాత్రూంకు నూటరవై రూపాయలా!" ఈ ప్రయాణం మొత్తంలో మేం నార్వే నోటు ఒక్కటి కూడా చేత్తో పట్టుకోలేదు. అన్నిచోట్లా కార్డే. ఓస్లో గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నిద్ర తీర్చుకున్నాం. చెట్లు మాత్రం నిండా ఎర్రగా, పసుపుగా ఉన్నాయి.

9వ తేదీ పొద్దున బెర్గెన్ వైపు వెళ్లే రైలెక్కాం. 67 దాటినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది, విదేశీయులకు కూడా. అత్తమ్మ టికెట్ మాకన్నా చౌకగా వచ్చింది. ఎడమవైపు కిటికీ మంచిదని కొందరు, కుడివైపని కొందరు రాస్తారు గానీ నేను రెండువైపులా కూర్చుని చూశాను, తేడా ఏమీ లేదు. మూడు గంటలు అడవులు, చెరువులు. ఆ తర్వాత చెట్లు పొట్టివవుతూ వచ్చి, ఒకచోట పూర్తిగా మాయమయ్యాయి. ఫిన్సే అనే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ దిగితే ప్లాట్‌ఫాం మీద మంచు. కింద ఆకులు రాలే కాలం, పైన చలికాలం, మధ్యలో నాలుగు గంటల రైలు.

మీర్డాల్‌లో దిగి చిన్న రైలు మారాలి. అది 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా కిందికి దిగి సముద్రమట్టానికి చేరుతుంది, దాదాపు గంట పడుతుంది. దారిలో షోస్‌ఫాసెన్ జలపాతం దగ్గర అందరినీ దింపుతారు. వేసవిలో అయితే ఎర్ర బట్టలు కట్టుకున్న అమ్మాయి కొండ మీద కనిపించి పాటకు నాట్యం చేస్తుంది. అక్టోబర్‌లో ఆమె ఉండదు, జలపాతం ఒక్కటే ఉంటుంది. నాకు అదే బాగుంది. కింద ఫ్లోమ్ ఊళ్లో ఆ రాత్రి ఉన్నాం. సీజన్ అయిపోవడంతో హోటళ్లు సగం మూసేశారు. సాయంత్రం ఆరున్నరకు తినడానికి తెరిచి ఉన్నది ఒక్క చోటే. అక్కడ శాకాహారం అంటే వేయించిన బంగాళదుంప, పైన ఉప్పు.

మర్నాడు 10వ తేదీ, సద్దుల బతుకమ్మ రోజు. పొద్దున ఫ్లోమ్ నుంచి పడవలో ఫ్యోర్డ్‌లోకి వెళ్లాం. ఫ్యోర్డ్ అంటే కొండల మధ్య నుంచి లోపలిదాకా చొచ్చుకొచ్చిన సముద్రం. ఈ పడవ బ్యాటరీతో నడుస్తుంది, ఇంజన్ మోత లేదు. నేరోయ్‌ఫ్యోర్డ్‌లోకి తిరిగాక రెండువైపులా కొండలు దగ్గరకొచ్చేస్తాయి. ఇరుకైన చోట నీటి వెడల్పు 250 మీటర్లే. రాత్రంతా వాన పడటంతో కొండల నిండా జలపాతాలు. మా ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశారు. కొండ అడుగున పచ్చగడ్డి, మధ్యలో పసుపు ఆకుల బర్చ్ చెట్లు, పైన గీత గీసినట్టు మంచు. మూడు ఒకే కొండ మీద. సరిగ్గా ఆ సమయానికి ఫోన్లో మా కాలనీవాళ్ల బతుకమ్మ వీడియోలు వస్తున్నాయి. అత్తమ్మ చెవికి ఫోన్ పెట్టుకుని "ఒక్కేసి పువ్వేసి" వింటూ, కళ్లతో కొండలు చూస్తూ కూర్చున్నారు. రెండు గంటల ప్రయాణం. పైన డెక్ మీద చేతులు మొద్దుబారిపోయాయి గానీ లోపల అద్దాల వెనక కూర్చుంటే వెళ్లిన ఫలితం దక్కదు.

అటునుంచి బస్సు, మళ్లీ రైలు. సాయంత్రానికి బెర్గెన్. వాన. బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడుతుందని చదివాను. మేమున్నన్నాళ్లూ మాత్రం ఒక్క గంట కూడా మినహాయింపు ఇవ్వలేదు. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడిపోతుంది. వీధి చెత్తబుట్టల్లో విరిగిన గొడుగులు కనిపిస్తాయి, అవన్నీ మనలాంటివాళ్లవే. అక్కడివాళ్లు రెయిన్‌కోటు వేసుకుని ఎండలో నడిచినట్టు నడిచిపోతారు.

11వ తేదీ పొద్దున లేచేసరికి హైదరాబాద్ నుంచి ఒకటే మెసేజ్‌లు: "మీరు చూశారా? మీరు చూశారా?" ముందురోజు రాత్రి సూర్యుడి నుంచి వచ్చిన పెద్ద తుపాను వల్ల నార్తర్న్ లైట్స్, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, లడఖ్‌లోని హాన్లేలో కూడా కనిపించాయట. ఎర్రటి ఆకాశం ఫోటోలు. మేం లక్షలు పోసి నార్వేకు వచ్చి, దుప్పటి కప్పుకుని వాన చప్పుడు వింటూ పడుకున్నాం. మా ఆయన ఆ ఫోటోను చాలాసేపు చూసి, "లడఖ్‌కు విమానం టికెట్ ఎంతుంటుంది?" అన్నారు.

12న దసరా. అదే రోజు రాత్రి ఓడ. పగలంతా ఖాళీ కాబట్టి కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ రైలెక్కాం. 1918 నుంచి నడుస్తోంది. 320 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే బెర్గెన్ రేవు, బ్రిగెన్ చెక్క ఇళ్ల వరుస అంతా మబ్బులో మునిగి తేలుతోంది. జమ్మిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? అత్తమ్మ కింద రాలిన బర్చ్ ఆకులు కొన్ని ఏరి, జాకెట్‌కు తుడిచి, మా ఇద్దరి చేతిలో పెట్టారు. "బంగారం తీస్కోండ్రి." చిన్న ఆకు, అంచున రంపపు పళ్లు, నిజంగానే బంగారు రంగు. కాళ్లకు దండం పెట్టాం. పక్కనున్న జర్మన్ ముసలాయన ఏం జరుగుతోందని అడిగితే ఆయనకూ ఒక ఆకిచ్చారు.

ఈ ఓడ గురించి తెలుసుకోవాల్సింది, ఇది విహారనౌక కాదు. బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరున్న కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఆగుతూ పోయే తీర సర్వీసు ఇది. 1893లో మొదలైంది. సరుకులు, కార్లు, ఒక ఊరి నుంచి పక్క ఊరికి పోయే జనం, అందరూ ఎక్కుతారు. క్యాసినో, డ్యాన్సులు ఉండవు. మేం కిటికీ లేని క్యాబిన్ తీసుకున్నాం, మూడో పడక గోడ నుంచి కిందికి వాల్చేది. కిటికీ లేకపోవడం వల్ల నష్టమేం లేదు, పగలంతా పైనే ఉంటాం. కానీ రేవు వచ్చినప్పుడల్లా ఓడను పక్కకు జరిపే ఇంజన్లు మోగుతాయి. అర్ధరాత్రి రెండింటికి ఒకసారి, నాలుగున్నరకు ఒకసారి మంచం వణుకుతుంది. మొదటి రాత్రి అత్తమ్మ లేచి కూర్చుని హనుమాన్ చాలీసా అందుకున్నారు. చెవుల్లో పెట్టుకునే దూది ఉండలు తీసుకెళ్లండి.

భోజనం టికెట్‌లోనే వస్తుంది. శాకాహారమని ముందే మెయిల్ పెట్టాలి, మేం నెల ముందు పెట్టాం. పొద్దున, మధ్యాహ్నం బఫే కాబట్టి ఇబ్బంది లేదు. రాత్రిపూట వాళ్లు వడ్డించేది తినాలి. ఒకరోజు కాల్చిన దుంప ముక్క, ఒకరోజు బీట్‌రూట్, ఇంకోరోజు బార్లీ. అందంగా ఉంటుంది, ఉప్పు ఉంటుంది, కారం ఉండదు. అత్తమ్మ కొంగు చాటు నుంచి కందిపొడి డబ్బా తీసేవారు. క్యాబిన్‌లో కెటిల్ లేదు, అందుకని అటుకులు నానబెట్టడానికి వేడినీళ్లు కాఫీ మెషీన్ దగ్గర పట్టుకునేదాన్ని. పెరుగు మాత్రం అద్భుతం. గడ్డపెరుగు, పుల్లగా, కావాల్సినంత. "పెరుగుంటే బతుకుతం పో" అని అత్తమ్మ తేల్చేశారు.

13వ తేదీ ఓలెసుండ్. 1904లో ఊరంతా కాలిపోతే, మూడేళ్లలో ఒకే పద్ధతిలో కట్టుకున్నారట. బురుజులు, పూల నగిషీలతో ముద్దుగా ఉంటుంది. ఆ పొద్దున్నే అత్తమ్మ జాకెట్ జిప్ ఊడిపోయింది, కొత్తది కొనాలి. కానీ ఆదివారం! నార్వేలో ఆదివారం చిన్న కిరాణాలు తప్ప దుకాణాలన్నీ బంద్. అద్దాల వెనక జాకెట్లు కనిపిస్తున్నాయి, తలుపులకు తాళాలు. మా ఆయన తన జాకెట్ ఇచ్చేసి రెయిన్‌కోటుతో తిరిగారు. మర్నాడు ట్రాండ్‌హైమ్‌లో ఓడ ఆగిన కాసేపట్లో కేథడ్రల్‌ను బయటి నుంచి ఒక చూపు చూసి, మిగతా సమయమంతా జాకెట్ వేటలో గడిపాం. 900 క్రోనర్లు. ఎనిమిదితో గుణించి చెప్పలేదు ఆవిడకు.

15వ తేదీ పొద్దున ఆర్కిటిక్ వలయం దాటాం. ఒక చిన్న దీవి మీద ఇనుప భూగోళం ఉంటుంది, ఓడ హారన్ మోగిస్తుంది. తర్వాత డెక్ మీద ఐసుముక్కల నీళ్లు గరిటెతో మెడ వెనక నుంచి వీపులోకి పోస్తారు, అది వాళ్ల సంబరం. నేను పోయించుకున్నాను, అరిచాను. "గీ చలిల గా నీళ్లు పోసుకునుడేంది? ఇంకా కార్తీకమన్నా రాలే" అని అత్తమ్మ లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం బోడోలో ఆగేసరికి చెట్లకు ఆకులు దాదాపు లేవు. ఓస్లోలో నిండుగా చూసిన ఆకురాలు కాలం వారం తిరగకుండానే అక్కడ అయిపోయింది.

బోడో దాటాక లోఫోటెన్ దీవుల దాకా నాలుగు గంటలు అడ్డుగా ఏ దీవీ లేని సముద్రం. అసలు పరీక్ష అది. ఓడ ముందుకీ వెనక్కీ కాదు, పక్కలకు ఊగింది. డైనింగ్ హాల్లో సగం కుర్చీలు ఖాళీ. మా ఆయన అవోమిన్ వేసుకుని పడుకున్నారు. నేను వేసుకున్నా కక్కాను. వాంతి సంచులు మెట్ల దగ్గర కడ్డీలకు గుత్తులుగా వేలాడదీసి ఉంటాయి. పొద్దున అవి ఎందుకో అనుకున్నాను. మాత్ర అలలు మొదలయ్యాక కాదు, గంట ముందే వేసుకోవాలని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. అత్తమ్మకు ఏమీ కాలేదు. పెరుగన్నం తిని, బార్లీని బియ్యం అనుకోవాలంతే, స్వెటర్ అల్లుకుంటూ కూర్చున్నారు.

16న ట్రోమ్సో. వంతెన మీదుగా నడిచి, 1965లో కట్టిన ఆర్కిటిక్ కేథడ్రల్ దాకా వెళ్లొచ్చాం. దూరం కిలోమీటరే, గాలి వల్ల ఎంతో అనిపించింది. అయిదింటికల్లా పొద్దుగూకింది. ఇక్కడ ఈ నెలలో పగలు రోజుకు ఎనిమిది పది నిమిషాల చొప్పున తరిగిపోతుంది. ఓడ బయల్దేరాక మబ్బులు విడిపోయాయి. కానీ పైన చంద్రుడు, మర్నాడే నిండు పున్నమి. నిండు వెన్నెల్లో లైట్స్ సరిగా కనిపించవని ఎవరో అన్నారు. ఎనిమిది నుంచి డెక్ మీద నిలబడ్డాం. తొమ్మిదింబావుకు లోపలికి వచ్చి టీ తాగాం, మళ్లీ బయటికి. పదిన్నరకు మైకులో పిలుపు వచ్చింది.

మొదట అది నాకు మబ్బులాగే కనిపించింది. బూడిదరంగు చార ఒకటి, అంతే. ఫోన్ పెట్టి చూస్తే అదే చార పచ్చగా ఉంది. ఇంటర్నెట్లో చూసే ఆ రంగులు చాలావరకు కెమెరావే, కళ్లవి కావు. ఈ సంగతి ఎవరూ సరిగా చెప్పరు. కాసేపటికి చార కదిలింది. అప్పుడు కంటికే లేత పచ్చదనం తెలిసింది, కింది అంచు గబగబా పరుగెత్తింది, మళ్లీ చెదిరిపోయింది. ఇరవై నిమిషాలు. వెన్నెల వల్ల మంచు కొండలు కూడా కనిపిస్తూనే ఉన్నాయి, అది లాభమే. ఓడ కదులుతుంటే ఫోటోలన్నీ మసకగా వచ్చాయి. అత్తమ్మ కాసేపు చూసి, "లడఖ్ ఫోటోల ఎర్రగున్నది కదా, ఇదేంది పచ్చగున్నది" అన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. అయిదు వారాల వీసా టెన్షన్ అంతా ఒక్కసారి వదిలినట్టయింది.

17న హోనింగ్‌స్వోగ్ నుంచి బస్సులో నార్త్ కేప్ వెళ్లాం. ఇది టికెట్‌లో రాదు, తలకు 13,000 రూపాయల దాకా అయింది. దారిలో చెట్టన్నదే లేదు, నాచు, రాయి, కొత్త మంచు. వేసవిలో తిరిగే రెయిన్‌డీర్లు చలికాలం రాకముందే దీవి వదిలి అవతలి గడ్డకు వెళ్లిపోతాయట, ఒక్కటీ కనిపించలేదు. 307 మీటర్ల కొండ అంచున ఇనుప భూగోళం, దాని కింద ఫోటోకు క్యూ. నిజానికి యూరప్‌కు ఉత్తరపు కొస అది కాదు, పక్కనున్న క్నివ్‌షెలోడెన్ ఇంకా కిలోమీటరున్నర ఉత్తరానికి ఉంటుంది, కానీ అక్కడికి నడిచి వెళ్లాలి, బస్సు పోదు. గాలికి మా ఆయన, నేను చేతులు పట్టుకుని నిలబడ్డాం. అత్తమ్మ లోపలి హాల్లో ఊరికి కార్డు ముక్క రాసుకున్నారు. అది నవంబర్ మధ్యలో చేరింది.

ఆ రాత్రి సముద్రం మళ్లీ ఎత్తెత్తి కొట్టింది. ఒక రేవులో ఆగకుండానే ఓడ వెళ్లిపోయింది. అక్కడ దిగాల్సినవాళ్లు తర్వాతి రేవులో దిగారు, ఎవరూ గొడవ చేయలేదు. ఆ జనానికి అది మామూలే కాబోలు. 18న పొద్దున కిర్కెనెస్. వీధుల పేర్లు నార్వే భాషతో పాటు రష్యన్‌లో కూడా ఉన్నాయి. అడుగున్నర మంచు. ఓస్లో విమానం మంచు వల్ల మూడు గంటలు ఆలస్యమైంది. మేం ఆ రాత్రి ఓస్లోలోనే గది తీసుకుని, ఇంటికి విమానం మర్నాడు పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. మాతో ఓడలో వచ్చిన చెన్నై దంపతులకు అదే సాయంత్రం దుబాయ్ విమానం, అది తప్పిపోయింది.

ముగ్గురికీ కలిపి మొత్తం దాదాపు 9 లక్షలు. అందులో విమానాలకు రెండు లక్షల నలభై వేలు, ఓడకు మూడు లక్షల ముప్పై వేలు. మిగతాది హోటళ్లు, రైళ్లు, బట్టలు, వీసా, 30,000 యూరోల ఇన్సూరెన్సు. అత్తమ్మ వయసు వల్ల ఆవిడ ప్రీమియం మా ఇద్దరిదీ కలిపిన దానికన్నా ఎక్కువైంది. తగ్గించుకోవాలంటే తగ్గించుకోగలిగేది ఓడ దగ్గరే. రేవు నుంచి రేవుకు క్యాబిన్, భోజనం లేకుండా కూడా టికెట్ ఇస్తారు, అక్కడి జనం అలాగే ఎక్కుతారు. ట్రాండ్‌హైమ్ నుంచి బోడో దాకా రైలుంది, పది గంటలు. బోడోలో ఓడెక్కి ట్రోమ్సోలో దిగితే లోఫోటెన్ చూసినట్టవుతుంది, రాత్రి లైట్స్ కోసం నిలబడే అవకాశం ఉంటుంది, ఖర్చు చాలా తగ్గుతుంది. ఆ నాలుగు గంటల సముద్రం మాత్రం తప్పదు.